ఒకే గుడ్డ కింద రెండు బల్లలు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ ప్రాంతం ఆమిష్ రైతులకు పేరున్న చోటు. గుర్రబ్బండ్లు, నల్లకోట్లు, కరెంటు తీగ తగలని ఇళ్లు. పెళ్లికో చావుకో బంధువులంతా చేరినప్పుడు అక్కడి కొన్ని ఇళ్లలో భోజనాల దగ్గర ఒక చిన్న ఏర్పాటు చేస్తారు. పొడవాటి బల్లకు నాలుగైదు అంగుళాల ఎడంగా మరో చిన్న బల్ల వేసి, రెండిటి మీదా కలిపి ఒకే గుడ్డ పరుస్తారు. కొత్తగా చూసేవాళ్లకు అది ఒకే బల్ల. గుడ్డ కింద సందు ఉందని ఇంటివాళ్లకు తెలుసు. సందుకు అవతల కూర్చుని తింటున్నవాడు ఆ ఇంట్లో పుట్టి పెరిగిన కొడుకే. ఒకప్పుడు సంఘంలో బాప్తిస్మం తీసుకుని, తర్వాత వదిలి వెళ్లిపోయాడు. వండి పెట్టడానికి తల్లికి అభ్యంతరం లేదు. అతనితో ఒకే బల్ల దగ్గర తినడానికే నియమం ఒప్పుకోదు. సంఘం మాట, తల్లి మనసు, రెండూ నిలబడేలా కుదుర్చుకున్న రాజీ ఆ గుడ్డ.

కులం కట్టుబాట్ల గురించి చెప్పేటప్పుడు తెలుగులో కంచం పొత్తు, మంచం పొత్తు అంటారు. కలిసి తినడం, కలిసి కాపురం చేయడం. ఎవరు మనవాళ్లో ఎవరు కారో తేల్చేవి ఈ రెండే. ఐరోపాలో 500 ఏళ్ల కిందట పుట్టిన ఒక చిన్న క్రైస్తవ శాఖ, తనను విడిచిపోయినవాళ్ల విషయంలో సరిగ్గా ఈ రెండిటినే పట్టుకుంది. ఆ శాఖ పేరు అనబాప్టిస్టులు. ఆమిష్‌లు, మెన్నోనైట్లు, హటరైట్లు దాని కొమ్మలు. ఈ కొమ్మలు చీలిన కథ చదువుతుంటే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. దేవుడెలాంటివాడు అన్న దాని మీద వీళ్లు పోట్లాడుకున్నది తక్కువ. వెళ్లిపోయినవాడితో ఎలా ఉండాలి అన్న దాని మీదే ఎక్కువసార్లు విడిపోయారు.

మొదట్లో వెలి వీళ్లకు పడిన శిక్ష. 1525 జనవరి 21న జ్యూరిక్ నగరంలో కొందరు యువకులు ఒక ఇంట్లో చేరి, పసితనంలో జరిగిన బాప్తిస్మం చెల్లదంటూ పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం పుచ్చుకున్నారు. అప్పట్లో అది రాజద్రోహంతో సమానం. పుట్టిన బిడ్డ బాప్తిస్మంతోనే ఊరి లెక్కలోకి వస్తుంది. దాన్ని కాదంటే ఊరినీ ప్రభుత్వాన్నీ కాదన్నట్టే. ఆ గుంపులోని ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో లిమ్మత్ నదిలో ముంచి చంపారు. నీళ్లలో మళ్లీ మునిగినవాడికి నీళ్లలోనే శిక్ష అన్నమాట. చంపించింది కాథలిక్కులు కాదు, ప్రొటెస్టెంటు నగర సభే.

మరుసటి నెలలో ష్లైట్‌హైమ్ అనే ఊళ్లో వీళ్లు రహస్యంగా కూడి ఏడు తీర్మానాలు రాసుకున్నారు. వాటిలో రెండోది వెలి గురించి. దారి తప్పినవాణ్ని రెండుసార్లు ఏకాంతంగా, మూడోసారి అందరి ముందూ మందలించాలి. వినకపోతే సంఘం నుంచి వేరు చేయాలి. ఖడ్గం పట్టేది లేదన్నది మరో తీర్మానం. మతం మార్చుకున్నవాణ్ని కాల్చడం, ముంచడం, నాలుక కోయడం మామూలుగా ఉన్న రోజులవి. ఆ తీర్మానాలు రాసిన మైకేల్ సాట్లర్‌ను మూడు నెలల్లోనే నాలుక కోసి, కాల్చి చంపారు. ఆ లోకంలో తప్పు చేసినవాణ్ని ఒంటి మీద దెబ్బ పడకుండా బయటికి పంపేయడమే చాలనడం మెత్తని మాట. ఈ వెలి మొదట దయగానే పుట్టింది.

దయ ఎక్కడ బిగుసుకుందో తెలియాలంటే ఎండెన్ పట్నానికి వెళ్లాలి. 1550ల నడుమ అక్కడ స్వాన్ రట్గర్స్ అనే ఇల్లాలి భర్తను సంఘం వెలివేసింది. భర్తతో కాపురం మానుకోవాలని సంఘపెద్ద లేనార్ట్ బౌవెన్స్ పట్టుబట్టాడు. ఆమె ససేమిరా అంది. మానకపోతే నిన్నూ వెలివేస్తామన్నారు. శాఖకు పెద్దదిక్కు మెన్నో సైమన్స్. ఒకప్పటి కాథలిక్ గురువు, 1536లో ఆ పదవి వదిలి వచ్చినవాడు. మెన్నోనైట్లు అన్న పేరు ఆయన నుంచి వచ్చిందే. భార్యాభర్తల మధ్యకు వెలిని అంత కఠినంగా తేవద్దని ఆయన మొదట చెప్పాడు. తర్వాత తోటి పెద్దల ఒత్తిడికి లొంగి కఠిన పక్షానికే ఒరిగాడు. సహించలేని వాటర్‌లాండ్ ప్రాంతపువాళ్లు విడిపోయి వేరే దారి పట్టారు. వెలి ఎంతవరకు అన్న ప్రశ్న మీద జరిగిన తొలి పెద్ద చీలిక అది.

1632లో డోర్‌డ్రెఖ్ట్ నగరంలో డచ్ మెన్నోనైట్లు రాసుకున్న 18 అంశాల విశ్వాస ప్రకటనలో 17వది ఈ సంగతే. వెలిలో ఉన్నవాడితో తిండి, పొత్తు వద్దంటుంది. ఆ వెంటనే మరో మాట చేరుస్తుంది: వాడు ఆకలితో ఉంటే పెట్టాలి, దాహంతో ఉంటే నీళ్లివ్వాలి, జబ్బుపడితే చూడాలి, శత్రువుగా చూడకూడదు. ఆమిష్ ఇళ్లలో ఈనాటికీ ఇదే పద్ధతి. వెలిలో ఉన్నవాడికి సాయం చేయొచ్చు, అతని దగ్గర మాత్రం పుచ్చుకోకూడదు. అతను ఏదైనా ఇస్తే చేతిలోంచి నేరుగా తీసుకోరు. బల్ల మీద పెట్టమని, అక్కడినుంచి తీసుకుంటారు. అతను నడిపే కారులో ఎక్కరు. చేతికి చెయ్యి తగలకుండా ఇచ్చిపుచ్చుకోవడం గురించి మన పల్లెల్లో పుట్టినవాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. తేడా ఒకటుంది. ఇక్కడ అది పుట్టుకతో అంటిన వెలి. అక్కడ నోటితో చేసిన ప్రమాణం తప్పినందుకు వేసిన వెలి.

ఆమిష్‌లు అన్న పేరు పుట్టడానికి కారణమూ ఒక భోజనమే. 1693లో ఆల్సేస్ ప్రాంతం నుంచి యాకోబ్ అమ్మన్ అనే పెద్ద కొందరు అనుచరులతో స్విట్జర్లాండ్‌లోని ఎమ్మెంటాల్ లోయకు వెళ్లాడు. ఆయన వృత్తి దర్జీ పని. అక్కడి సంఘాల పెద్ద హాన్స్ రైస్ట్. వెలి పడినవాణ్ని ప్రభువు బల్ల దగ్గరకు రానివ్వకపోతే చాలునని రైస్ట్ వాదం. యేసు సుంకరులతోనూ పాపులతోనూ కలిసి తిన్నాడు కదా అని ఆయన అడిగేవాడు. ఇంటి బల్ల దగ్గరా కలిసి తినకూడదన్నది అమ్మన్ పట్టు. తెలుగు క్రైస్తవులు ప్రభు భోజనాన్ని కూడా బల్ల అనే అంటారు కాబట్టి ఈ తగాదా తెలుగులో ఇట్టే అర్థమవుతుంది. వాక్యంలో చెప్పింది గుడిలో బల్లా, ఇంట్లో బల్లా?

చివరికి ఫ్రీడర్స్‌మాట్ అనే చోట ఒక రైతు కొట్టంలో సభ పెట్టారు. అమ్మన్ కూర్చుని ఎదురుచూస్తున్నాడు. పంటపనుల రోజులు, తీరిక లేదని రైస్ట్, మరికొందరు కబురు పంపారు. అమ్మన్‌కు ఒళ్లు మండింది. జేబులోంచి కాగితం తీసి రైస్ట్ మీద నేరాలు చదివాడు. వెలి అని అక్కడికక్కడే ప్రకటించాడు. రానివాళ్లతో పాటు, వచ్చి తన మాటకు తలూపని వాళ్లనూ వెలివేశాడు. తొందరపడొద్దని ఒక స్త్రీ మోకాళ్ల మీద పడి బతిమాలిందని ఆ సభలో ఉన్నవాళ్లు రాసిపెట్టిన ఉత్తరాల్లో ఉంది. అమ్మన్ కరగలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఏడేళ్లు గడిచాయి. 1700లో అమ్మన్, ఆయన సహచరులు తొందరపాటు తమదేనని ఒప్పుకుని, తమను తామే వెలివేసుకున్నారు. వెలి అనే ఆయుధాన్ని మరొకరి మీద విసిరినవాళ్లే తమ మీద వేసుకోవడం చరిత్రలో చాలా అరుదు. దాంతోనూ రాజీ కుదరలేదు. అంత దిగివచ్చినా ఇంటి బల్ల విషయంలో మాత్రం అమ్మన్ పక్షం మాట మార్చుకోలేదు.

18వ శతాబ్దంలో ఆమిష్ కుటుంబాలు అమెరికాకు ఓడలెక్కాయి. ఐరోపాలో మిగిలినవాళ్లు మెల్లగా మెన్నోనైట్లలో కలిసిపోయారు. జర్మనీలోని ఇక్స్‌హైమ్‌లో ఆఖరి ఆమిష్ సంఘం 1937లో విలీనమైంది. అమెరికాలో మాత్రం వాళ్ల సంఖ్య ఇప్పుడు దాదాపు 4 లక్షలు. పెద్ద కుటుంబాలు ఒక కారణం. పిల్లల్లో నూటికి 85 మందికి పైగా పెద్దయ్యాక సంఘంలోనే చేరడం మరో కారణం.

అందరూ మరచిపోయే నియమం ఒకటి ఇక్కడుంది. బాప్తిస్మం తీసుకోకుండా వెళ్లిపోయినవాడికి వెలి లేదు. పదహారేళ్లు దాటాక కుర్రాళ్లకు కొంత స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ రోజుల్లోనే ఇల్లు విడిచి, చదువుకునో లారీ తోలుకునో బతికేవాణ్ని తల్లిదండ్రులు బాధపడుతూనే పలకరిస్తారు, పక్కన కూర్చోబెట్టుకుని తింటారు. వాడి తమ్ముడు బాప్తిస్మం తీసుకుని ఏడాది తర్వాత అదే పని చేస్తే వాడికి వేరే బల్ల. చేసిన పని ఒకటే అయినా ప్రమాణం అయ్యాక చేస్తే నేరం, ముందైతే కాదు. ఆ రెండో కొడుకు ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, సంఘం ముందు మోకాళ్లూని తప్పు ఒప్పుకుంటే చేయి పట్టి లేపి లోపలికి తీసుకుంటారు. ఆ తర్వాత పాత సంగతి ఎత్తకూడదు. వెలి గడువు వెళ్లినవాడి చేతిలోనే ఉంది కాబట్టి ఇది శిక్ష కాదు, పిలుపు అని ఆమిష్ పెద్దలు అంటారు. బయటికి వెళ్లినవాళ్లలో చాలామందికి అది మెడకు కట్టిన తాడు.

అమెరికాలోనూ చీలికల తీరు మారలేదు. ఒహైయోలోని హోమ్స్ కౌంటీలో 1910లలో ఆమిష్‌లలోనే మరీ పట్టుగల స్వార్ట్‌జెంట్రూబర్ వర్గం విడిపోయింది. తమను వదిలి కాస్త సడలిన మరో ఆమిష్ సంఘంలో చేరినవాళ్లకు జీవితాంతం వెలి ఉండాలా, కొత్త సంఘంలో బుద్ధిగా ఉంటే ఎత్తేయాలా అన్నది వాళ్ల తగాదా. 1927లో పెన్సిల్వేనియాలో ఇదే ప్రశ్న తిరగబడి వచ్చింది. మెన్నోనైట్లలో చేరినవాళ్లను వెలివేయనని మోజెస్ బీచీ అనే బిషప్ మొండికేశాడు. బీచీ ఆమిష్ వర్గం ఏర్పడింది. తర్వాత ఆ వర్గమే కార్లనూ కరెంటునూ ఒప్పుకుంది. ఆమిష్‌లు కారు గురించి కొట్టుకున్నారని బయటి పత్రికలు రాస్తాయి. కారు కంటే ముందు తగవు పడింది మనిషి గురించి.

కారు, మనిషి రెండూ ఒకే కేసులో కోర్టుకెక్కిన సందర్భం ఒకటుంది. ఒహైయోలోని వేన్ కౌంటీకి చెందిన ఆండ్రూ యోడర్ అనే రైతుకు జబ్బుపడిన చిన్న కూతురు ఉంది. పాపను తరచూ డాక్టరుకు చూపించాలి. గుర్రబ్బండితో ఆ తిరుగుడు సాగక, కారు కొనుక్కోవడానికి 1942లో పాత సంఘం వదిలి, కారును ఒప్పుకునే సంఘంలో చేరాడు. పాత సంఘం వెలివేసింది. బంధువులు కలిసి తినడం మానేశారు. ఇరుగుపొరుగు పొలం పనుల్లో చేయి కలపలేదు. మరో నలుగురు రైతులు కలవకుండా నూర్పిడి సాగని రోజుల్లో అది పొట్ట మీద కొట్టడమే. ఐదేళ్లు ఓర్చి 1947లో బిషప్ మీద, మరో ముగ్గురు పెద్దల మీద 40,000 డాలర్లకు దావా వేశాడు.

ప్రతివాదులు వకీలును పెట్టుకోలేదు. కోర్టులో వాదించుకోవడం వాళ్ల విశ్వాసానికి విరుద్ధం. జూరీ యోడర్‌కు 5,000 డాలర్లు ఇప్పించింది. వెలి ఆపాలని కోర్టు ఉత్తర్వూ వచ్చింది. పెద్దలు కట్టలేదు. ఆస్తి వేలం దాకా వెళ్లింది. అలా డబ్బయితే వసూలైంది. అన్నదమ్ముల బల్ల దగ్గర పీట వేయించడానికి మాత్రం షెరీఫు దగ్గర ఏ వారంటూ లేదు.

1970లలో పెన్సిల్వేనియాలో రాబర్ట్ బేర్ అనే బంగాళదుంపల రైతు వంతు వచ్చింది. అతనిది 1812లో జాన్ హెర్ స్థాపించిన రిఫార్మ్‌డ్ మెన్నోనైట్ల చిన్న శాఖ. మెన్నోనైట్లు వెలిని పలచబరిచారన్నది కూడా హెర్ విడిపోవడానికి ఒక కారణం. పెద్దలను విమర్శించిన బేర్‌ను 1972లో వెలివేశారు. భార్య మంచం వేరు చేసింది. కూలీలు రావట్లేదు, వ్యాపారం దెబ్బతిందని అతను కోర్టుకెళ్లాడు. మత స్వేచ్ఛ ఉన్నా, పెళ్లి, కుటుంబం, జీవనోపాధి ప్రభుత్వం పట్టించుకోదగ్గ విషయాలే కాబట్టి విచారణ జరగాల్సిందేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. విచారణ జరిగింది. బేర్ ఓడిపోయాడు. ఎండెన్‌లో స్వాన్ రట్గర్స్ మొగుణ్ని విడవనని నిలబడిన 400 ఏళ్లకు, ఇక్కడ భార్య సంఘం వైపు నిలబడింది.

అనబాప్టిస్టులతో సంబంధం లేని శాఖల్లోనూ బల్ల దగ్గరే గీత పడింది. తెలుగులో కావలికోట పత్రికను ఇంటింటికీ పంచే యెహోవా సాక్షులు మన ఊళ్లలో చాలామందికి తెలుసు. న్యూయార్క్‌లో వాళ్ల పరిపాలక సభలో తొమ్మిదేళ్లు సభ్యుడిగా ఉన్న రేమండ్ ఫ్రాంజ్ 1980లో ఆ పదవి వదిలి అలబామాలో కూలిపనికి కుదిరారు. పనిచ్చి, ఉండటానికి చోటిచ్చిన మిత్రుడు మరుసటి ఏడాది సంఘానికి రాజీనామా రాసిచ్చాడు. తనంతట తాను రాజీనామా చేసినవాణ్ని కూడా వెలి పడినవాడిలాగే చూడాలని 1981 సెప్టెంబరు కావలికోట కొత్తగా ప్రకటించింది. ఆ యజమానితో హోటల్లో కలిసి భోజనం చేశాడన్న నేరం మీద ఆ ఏడాది చివర్లో ఫ్రాంజ్‌ను బహిష్కరించారు. నలభై ఏళ్ల సేవ ఒక్క పూట భోజనంతో చెల్లిపోయింది. ఇదే మారిన నియమంతో స్నేహితులందరినీ పోగొట్టుకున్న ఒక స్త్రీ కోర్టుకెళ్లగా, వెలి వేసే హక్కు మత స్వేచ్ఛలో భాగమేనని అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు 1987లో తేల్చింది. 2024లో యెహోవా సాక్షులు బహిష్కృతులు అన్న మాటను మార్చారు. కూటానికి వచ్చినవాణ్ని క్లుప్తంగా పలకరించవచ్చన్నారు. కలిసి తినడం గురించి సడలింపు లేదు.

బయటి లోకం వీళ్లను ఎలా చూసిందన్నది మరో కథ. ఆమిష్ ఊరు విడిచినవాడి చదువు ఎనిమిదో తరగతి. అంతకు మించి చదివించాలని ప్రభుత్వం బలవంతపెట్టరాదని అమెరికా సుప్రీంకోర్టు 1972లో తీర్పిచ్చింది. మరి పిల్లలకు చదవాలని ఉందేమో అడిగారా అని జస్టిస్ డగ్లస్ ఒక్కరే ఆ తీర్పులో కొంత భాగంతో విభేదించారు. ఆ కాస్త చదువుతో ఊరు విడిచి వచ్చినవాడు నగరంలో ఉద్యోగం వెతుక్కుంటుంటే, టీవీ వాళ్లకు మాత్రం అతని టోపీ, యాస కావాలి. 2012లో ఇలాంటి యువకులతో ఒక రియాలిటీ షో కూడా మొదలైంది. పండితుల్లోనూ ఒక వర్గం విడిచిపోయినవాడి సాక్ష్యం నమ్మదగింది కాదంటుంది. బ్రయన్ విల్సన్ వంటి సామాజిక శాస్త్రవేత్తలది ఆ మాట. లోపలివాళ్లకు ద్రోహి, బయటివాళ్లకు వింత, పరిశోధకుడికి పక్షపాతి.

ఈ కథ నల్గొండ దాకా నడిచొచ్చింది. 18వ శతాబ్దం చివర్లో రష్యా రాణి పిలుపు మీద వేల మెన్నోనైట్లు నేటి ఉక్రెయిన్ నేలకు వలసవెళ్లి కాలనీలు కట్టుకున్నారు. 1859లో మొలోచ్నా కాలనీలో కొందరు, సంఘంలో ఉన్న తాగుబోతులతో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందలేమని ఒక ఇంట్లో వేరుగా బల్ల తీసుకున్నారు. 1860 జనవరి 6న పద్దెనిమిది మంది సంతకాలు చేసి విడిపోయారు. అక్కడ సంఘంలో ఉండటమంటే కాలనీలో ఉండటం. సంఘం పోతే భూమి హక్కు పోతుంది, పెళ్లి చెల్లదు, ప్రవాసం పంపుతామన్న బెదిరింపు. తమకు గుర్తింపు ఇమ్మని యోహాన్ క్లాసెన్ సెయింట్ పీటర్స్‌బర్గ్ అధికారుల చుట్టూ తిరిగాడు. కొన్నేళ్లకు గుర్తింపు దొరికింది. వాళ్లే మెన్నోనైట్ బ్రెదరెన్.

ఆ శాఖకు చెందిన అబ్రాహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో బయల్దేరి వచ్చి, అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ కింద నల్గొండలో కుదురుకున్నారు. 1899లో అమెరికా నుంచి అదే శాఖవాళ్లు హైదరాబాద్ వచ్చి, తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, గద్వాల, శంషాబాద్‌లలో మిషన్ కాంపౌండ్లు కట్టారు. పాలమూరు పల్లెల్లో ఎంబీ చర్చి అంటే అదే. ఆ మిషనరీల బిడ్డ పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో పుట్టి, మానవశాస్త్రవేత్త అయ్యి, కొండూరు అనే తెలంగాణ పల్లె మీద పుస్తకం రాశాడు. ఎవరి కంచం దగ్గర ఎవరు తింటారు, ఎవరు ఎవరితో వియ్యమందుతారు అన్న లెక్కలు ఆ కొండూరుకూ ఉన్నాయి.

తెలుగు నేల మీద క్రైస్తవం విడిచినవాడికి ఎదురయ్యే ప్రశ్న ఇంకోలా ఉంటుంది. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎస్సీ సీటుకు దరఖాస్తు చేసిన ఒక విద్యార్థి తల్లిదండ్రులు మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు. అతను 1973లో శుద్ధి చేయించుకుని హిందువయ్యాడు. పుట్టుకతో హిందువు కాడని కాలేజీ కాదంది. వ్యవహారం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా పోయింది. 1976 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. మతం మార్చుకోవడం అతని ఇష్టం. పూర్వీకుల కులంలోకి మళ్లీ చేరాడా లేదా అన్నది మాత్రం అతను ఒక్కడు తేల్చుకునే విషయం కాదు, ఆ కులంవాళ్లు అతన్ని తమవాడిగా ఒప్పుకోవాలి.

అంతకు 29 ఏళ్ల ముందు ఒహైయో కోర్టు సంఘాన్ని, ఇతన్ని కలుపుకో అంది, సంఘం వినలేదు. ఇక్కడ కోర్టే ముందుగా కులాన్ని, ఇతన్ని కలుపుకున్నావా అని అడగమంది. ఆ తీర్పు తర్వాత ఇలాంటి వివాదాల్లో దరఖాస్తుదారుల మతం ఒక్కటే చాలడం లేదు. ఊళ్లో కులపెద్దలు ఏమంటున్నారు, శుభకార్యాలకు పిలుస్తున్నారా, బంతిలో కూర్చోబెడుతున్నారా అన్నదీ విచారణలోకి వస్తోంది.